విశ్వవిద్యాలయంలో వీడియో కాన్ఫరెన్స్ ఎలా మొదలుపెట్టాలి

వీడియో కాన్ఫరెన్స్ ఏర్పాటు చేసుకోవాలని ఒక శాఖ నిర్ణయించుకోగానే చర్చ కెమెరా మీదికి పోతుంది. ఏ కంపెనీది కొనాలి, గోడకు ఎంత పెద్ద టీవీ బిగించాలి, కొటేషన్లు ఎప్పుడు తెప్పించాలి అని. ఆ చర్చను కొన్నాళ్లు పక్కన పెట్టి, అవతలి వైపు వినేది ఎవరో ముందు తేల్చుకోండి. నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతుంటే దేవరకొండ కళాశాలలో 40 మంది ఒకే గదిలో కూర్చుని వింటారా, లేక ఎవరి ఊళ్లో వారు ఫోనులో వింటారా? మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయంలో అతిథి ఉపన్యాసం ఉంటే గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ పీజీ కేంద్రాల విద్యార్థులు మధ్యలో ప్రశ్నలు అడగాలా, విని ఊరుకుంటే చాలా? కొనాల్సిన వస్తువులు, ఎంచుకోవాల్సిన సాఫ్ట్‌వేర్, కేటాయించాల్సిన మనుషులు, అన్నీ ఈ జవాబును బట్టే ఉంటాయి.

అందరికంటే బలహీనమైన నెట్, అందరికంటే చిన్న ఫోను ఉన్న విద్యార్థిని మనసులో పెట్టుకుని ప్రతి ఏర్పాటూ చేయాలని నేను గట్టిగా నమ్ముతాను. ఆ విద్యార్థికి మాట స్పష్టంగా అందితే మిగతావారి గురించి బెంగ అక్కర్లేదు. ప్రాంగణంలోని సెమినార్ హాలు ఎంత దర్జాగా ఉన్నా, అచ్చంపేటలో వింటున్న అమ్మాయికి సగం మాటలు తెగిపోతే ఆ గంట పాఠం జరగనట్టే లెక్క.

ఈ పని మీద శ్రద్ధ పెట్టడానికి మన దగ్గర బలమైన కారణమే ఉంది. మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడ్డాయి. రెండూ హైదరాబాదుకు దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. వాటి అనుబంధ కళాశాలలు మాత్రం అటు సూర్యాపేట, భువనగిరి దాకా, ఇటు నాగర్‌కర్నూల్, నారాయణపేట, గద్వాల దాకా పరచుకుని ఉన్నాయి. బయటి నిపుణుణ్ణి పిలిపించాలంటే రానుపోను ఆయనకు ఒక రోజంతా పోతుంది. అదే ఒక గంట వీడియోలో మాట్లాడమంటే చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరుంది. దాన్ని రూపొందించింది నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ). ఆ సంస్థ శాస్త్రవేత్తతో నల్లగొండ రసాయనశాస్త్ర విద్యార్థులు గంటసేపు ముఖాముఖి మాట్లాడగలిగితే ఎంత బాగుంటుందో ఊహించండి. వేరుశనగ పండించే ఇళ్ల నుంచి వచ్చిన పాలమూరు విద్యార్థులు పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పరిశోధకులను తమ పొలాల గురించి నేరుగా అడగగలిగినా అంతే.

మొదట ఒకే ఒక పని, ఒకే ఒక కళాశాల

అన్ని శాఖలు, అన్ని కళాశాలలు, అన్ని అవసరాలు ఒకేసారి తలకెత్తుకోవద్దు. మీ ప్రాంగణంలో ఒక గది, అవతల ఒక కళాశాలలో ఒక గది. ఈ రెండింటి మధ్య నెలకు రెండు ఉపన్యాసాలు సాఫీగా జరిగాక మూడో చోటును కలపండి.

గది నుంచి గదికి కలపడమే ముందు నేర్చుకోమనడానికి నెట్ లెక్క కూడా ఒక కారణం. అవతల 40 మంది తలా ఒక ఫోనులో చూస్తే, ఒక్కొక్కరికి సెకనుకు 1 మెగాబిట్ చొప్పున ఆ కళాశాల వైఫై మీద 40 మెగాబిట్ల బరువు పడుతుంది. అదే 40 మంది ఒక ప్రొజెక్టర్, ఒక జత స్పీకర్ల ముందు కూర్చుంటే ఒక్క ప్రవాహం చాలు. పైగా పక్కన స్నేహితులు ఉంటే సందేహం అడగడానికి ధైర్యం వస్తుంది. ఆ గదిలో ఒక స్థానిక అధ్యాపకుడు తప్పనిసరిగా కూర్చోవాలి. తెర మీది మనిషి అడిగిన ప్రశ్నకు గదంతా మౌనంగా ఉన్నప్పుడు "నువ్వు చెప్పమ్మా" అని పేరు పెట్టి లేపగలిగేది ఆయనొక్కరే.

తరువాత బాధ్యుణ్ణి నిర్ణయించండి. పాఠం చెప్పే మనిషి, పరికరాలు చూసే మనిషి ఒకరే కాకూడదు. బోధిస్తూ, చాట్ చూస్తూ, ఎవరిని లోపలికి అనుమతించాలో గమనిస్తూ ఉంటే మూడు పనులూ చెడతాయి. కంప్యూటర్ సైన్స్ లేదా ఎంసీఏ చదివే విద్యార్థులు ఇద్దరు, ల్యాబ్ సిబ్బందిలో ఒకరు ఈ పని నేర్చుకుంటే చాలు. ఇద్దరు విద్యార్థులు ఎందుకంటే ఒకరికి పరీక్షలున్న రోజున రెండోవారు ఉండాలి. ఆ ముగ్గురి పేర్లు, ఫోను నంబర్లు గది తలుపు లోపలి వైపు అతికించండి. ఒక రిజిస్టరు కూడా పెట్టండి. తేదీ, ఎవరు మాట్లాడారు, ఏ కళాశాల కలిసింది, ఏ ఇబ్బంది వచ్చింది, ఎలా సరిచేశారు, ఇంత రాస్తే చాలు. ఒక సంవత్సరం తిరిగేసరికి మీ భవనానికీ మీ నెట్‌కీ సరిపోయే మార్గదర్శి ఆ రిజిస్టరే అవుతుంది.

నెట్, కరెంటు

ఇంటర్నెట్ వేగం చూసేటప్పుడు చాలామంది డౌన్‌లోడ్ అంకె చూసి తృప్తి పడతారు. పాఠం చెప్పే వైపు ముఖ్యమైనది అప్‌లోడ్. మీ గొంతు, మీ బొమ్మ బయటికి వెళ్లేది ఆ దారిలోనే. స్పీడ్ టెస్ట్‌ను ఉదయం కాకుండా, కార్యక్రమం జరగబోయే వేళకే చేయండి. ప్రాంగణమంతా నెట్ వాడుతున్న మధ్యాహ్నం 12 గంటలకు వచ్చే అంకె వేరు, ఎవరూ లేని 8 గంటలకు వచ్చే అంకె వేరు. రెండు మూడు రోజులు వరుసగా చూసి, అన్నింటిలో తక్కువగా వచ్చిన అంకెనే నమ్మండి.

ప్రసారం చేసే కంప్యూటర్‌కు వైఫై వద్దు. నెట్‌వర్క్ స్విచ్ (నెట్‌ను గదులకు పంచే పెట్టె) నుంచి ల్యాన్ కేబుల్ లాగి నేరుగా పెట్టండి. హాలులో వంద ఫోన్లు వైఫైని పట్టుకుని లాగుతున్నప్పుడు కేబుల్ ఉన్న కంప్యూటర్ మాత్రం నిలకడగా ఉంటుంది. కేబుల్ నడిచే దారిలో ఉంటే నేలకు టేపు వేసి అంటించండి. ఎవరి కాలికో తగిలి ఊడిపోతే సరిగ్గా ముఖ్య అతిథి మాట్లాడేటప్పుడే ఊడుతుంది.

కరెంటు విషయంలో ఒక మెలిక చాలాచోట్ల గమనించరు. గదిలోని కంప్యూటర్‌కు యూపీఎస్ ఉంటుంది. కానీ వరండాలోని గోడ పెట్టెలో ఉన్న నెట్‌వర్క్ స్విచ్‌కు ఉండదు. కరెంటు పోగానే కంప్యూటర్ వెలుగుతూనే ఉంటుంది, నెట్ మాత్రం పోతుంది. అందుకే మీ గది నుంచి ఫైబర్ పెట్టె దాకా మధ్యలో ఎన్ని పరికరాలున్నాయో నడిచి వెళ్లి చూడండి. ప్రతి దానికీ బ్యాటరీ ఆధారం ఉందో లేదో రాసుకోండి. ఎండాకాలంలో, తొలి గాలివానల్లో ఈ పరిశీలన మీ కార్యక్రమాన్ని కాపాడుతుంది. రౌటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్‌లు బజారులో దొరుకుతాయి. వాటికి పెద్ద ఖర్చు కాదు. దీనికి తోడు, డేటా ఉన్న ఫోను ఒకటి హాట్‌స్పాట్‌గా సిద్ధంగా ఉంచండి. ముందే ఒకసారి దానితో కలిసి చూడండి. ఆ గదిలో ఆ కంపెనీ సిగ్నలే లేదని అప్పటికప్పుడు తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు.

మాట

ఈ భాగం మీద ఎక్కువ సమయం పెట్టండి. బొమ్మ కాసేపు ఆగిపోయినా పాఠం సాగుతుంది. మాట ఆగితే పాఠం అక్కడికక్కడే ఆగిపోతుంది. మీ దగ్గర 10,000 రూపాయలే ఉంటే అందులో ఎక్కువ భాగం మైకుకు పెట్టండి, కెమెరాకు కాదు.

ల్యాప్‌టాప్‌లో ఉండే మైకు దాని ముందు కూర్చున్న ఒక మనిషి కోసం చేసినది. బోర్డు దగ్గరికి నడిచి వెళ్లి చెప్పే అధ్యాపకుడి గొంతును అది పట్టుకోలేదు. మైకుకూ నోటికీ మధ్య దూరం రెట్టింపైతే గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గదిలో ఫ్యాన్ చప్పుడు, ప్రతిధ్వని మాత్రం అలాగే ఉంటాయి. అందుకే దూరం నుంచి పట్టిన గొంతు బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. మైకు నోటికి జానెడు దూరంలో ఉంటే సగం సమస్యలు తీరిపోతాయి. కూర్చుని చెప్పేవారికి సాధారణ యూఎస్‌బీ హెడ్‌సెట్ చాలు. లేచి తిరిగేవారికి వైర్‌లెస్ కాలర్ మైకు కావాలి. కాలర్ మైకును చీర కొంగు కిందో, శాలువా మడతల్లోనో పెట్టవద్దు. బట్ట రాపిడి మాటను మింగేస్తుంది.

ఇక గది. మన తరగతి గదులకు సిమెంటు కప్పు, నున్నటి గోడలు, బండలు లేదా టైల్స్ నేల. మాట ఎక్కడా ఇంకకుండా గోడలకు కొట్టుకుని తిరుగుతూ ఉంటుంది. గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ఆ చప్పుడు వెంటనే ఆగకుండా ఖంగుమని సాగితే ఆ గది వీడియో కాన్ఫరెన్స్‌కు ఇబ్బంది పెడుతుంది. కిటికీలకు మందపాటి తెరలు కట్టడం, నేల మీద జంపఖానా పరచడం, వెనుక గోడకు పుస్తకాల బీరువాలు చేర్చడం వల్ల తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఇవేవీ కుదరకపోతే పెద్ద హాలు వదిలి చిన్న గదికి మారండి. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాన్లు ఆపి కూర్చోమని ఎవరినీ అడగలేం. కనీసం వక్త నెత్తి మీది ఫ్యాన్ ఆపి, పక్క ఫ్యాన్ తిప్పుకోండి.

ప్రతిధ్వని వచ్చినప్పుడు ఎక్కడ వెతకాలో తెలియక చాలా సమయం పోతుంది. ఒక నియమం గుర్తుంచుకోండి. మీ గొంతు మీకే తిరిగి వినిపిస్తుంటే తప్పు సాధారణంగా మీ వైపు ఉండదు. అవతలి గదిలో స్పీకర్ నుంచి వచ్చిన మీ మాటను అక్కడి మైకు మళ్లీ పట్టి పంపుతోంది. అవతలివారు స్పీకర్ శబ్దం తగ్గించాలి, లేదా మాట్లాడనప్పుడు మైకు ఆపుకోవాలి. గదిలో ఒక్కసారిగా కూత లేస్తే కారణం వేరు. ఒకే గదిలో రెండు పరికరాలు ఒకే సమావేశంలో చేరి, రెండింటి మైకు, స్పీకర్ తెరిచి ఉన్నాయన్నమాట. విద్యార్థుల్లో ఎవరో ఫోనులో కూడా లింకు తెరిచి ఉంటారు. గదికి ఒక మైకు, ఒక స్పీకర్ మాత్రమే తెరిచి ఉండాలి. మిగతావన్నీ మ్యూట్ చేయడమే కాదు, వాటి స్పీకర్లు కూడా ఆపాలి.

సెమినార్ హాలులోని యాంప్లిఫయర్‌తో ల్యాప్‌టాప్‌ను కలపడం మరో మెట్టు. ఇక్కడ రెండు చోట్ల పొరపాటు జరుగుతుంది. మొదటిది, ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఇయర్‌ఫోన్‌కూ మైకుకూ కలిపి ఒకే రంధ్రం ఉంటుంది. మిక్సర్ (మైకుల శబ్దాలను కలిపే పెట్టె) నుంచి వచ్చే మామూలు పిన్ను అందులో పెడితే ల్యాప్‌టాప్ దాన్ని మైకుగా గుర్తించకపోవచ్చు. మైకుకు, స్పీకర్‌కు వేర్వేరు రంధ్రాలున్న చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొంటే ఈ చిక్కు తీరుతుంది. రెండోది ఇంకా ముఖ్యం. దూరం నుంచి వచ్చే వక్త గొంతు హాలు స్పీకర్లలోకి వెళ్లాలి, కానీ తిరిగి ల్యాప్‌టాప్ మైకు దారిలోకి పోకూడదు. పోతే ఆయన మాట్లాడే ప్రతి మాటా ఆయనకే మళ్లీ వినపడి, రెండు నిమిషాల్లో ఆయన గందరగోళపడి ఆగిపోతారు. మైకులు పెట్టడానికి వచ్చిన సౌండ్ సిస్టమ్ మనిషితో "ల్యాప్‌టాప్‌లోంచి వచ్చే మాటను మళ్లీ ల్యాప్‌టాప్‌కు పంపకండి, హాలు మైకులు మాత్రమే పంపండి" అని సూటిగా చెప్పండి. మిక్సర్‌లో అదనపు అవుట్‌పుట్ ఉంటే దానితో ఈ పని చేయవచ్చు. పెళ్లిళ్లకు, సభలకు పనిచేసేవారికి మిక్సర్ బాగా తెలిసినా ఈ అవసరం సాధారణంగా తగలదు, కాబట్టి అడగకపోతే చేయరు.

బొమ్మ, బోర్డు, తెలుగు అక్షరాలు

కెమెరా గురించి చెప్పాల్సింది తక్కువే. కళ్లకు సమాన ఎత్తులో ఉంచండి. ల్యాప్‌టాప్ కింద నాలుగు లావుపాటి పుస్తకాలు పెడితే సరిపోతుంది. వెలుతురు ముఖం మీద పడాలి. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే మనిషి నల్లటి నీడగా కనిపిస్తాడు.

లెక్కలు, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చెప్పేవారికి బోర్డు కావాలి. గది చివర పెట్టిన కెమెరాలో బోర్డు మీది సమీకరణాలు ఫోను తెర మీద చదవడం సాధ్యం కాదు. దీనికి తేలికైన మార్గం, ఫోనును ఒక స్టాండుకు బిగించి కిందికి చూసేలా పెట్టి, దాని కింద తెల్ల కాగితం మీద మందపాటి స్కెచ్ పెన్నుతో రాయడం. ఆ ఫోను కూడా సమావేశంలో చేరుతుంది, కానీ మైకు, స్పీకర్ రెండూ ఆపి మాత్రమే. ఒక కాగితం నిండగానే పక్కన పెట్టి, చివరలో అన్నింటినీ ఫోటో తీసి విద్యార్థులకు పంపవచ్చు. ఖరీదైన డిజిటల్ బోర్డు లేని శాఖలు వెంటనే మొదలుపెట్టగలిగిన పద్ధతి ఇది.

స్లైడ్లు తయారు చేస్తే మీ కంప్యూటర్‌లో చూసి సరిపోయాయనుకోకండి. వాటిని మీ ఫోనుకు పంపి, చేయి చాచి పట్టుకుని చదవండి. చదవలేకపోతే అక్షరాలు పెంచి, వాక్యాలు తగ్గించండి.

తెలుగు శాఖకు, చరిత్ర శాఖకు ప్రత్యేకంగా ఒక మాట. పాత అను ఫాంట్లలో టైపు చేసిన వ్యాసాలు మన కంప్యూటర్లలో కుప్పలుగా ఉన్నాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అవి అర్థం కాని గుర్తులుగా మారిపోతాయి. కార్యక్రమం రోజున అతిథి వక్త పెన్‌డ్రైవ్ తెచ్చి ఇచ్చినప్పుడే ఇది బయటపడుతుంది. కొత్తగా టైపు చేసేవి, ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోనే చేయండి. మండలి, రామభద్ర, సూరన్న వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. పాతవాటిని పీడీఎఫ్‌గా మార్చి తెమ్మని వక్తకు ముందురోజే చెప్పండి. ఫాంటు పీడీఎఫ్‌లో కలిసిపోతుంది కాబట్టి అక్షరాలు ఎక్కడైనా సరిగానే కనిపిస్తాయి.

ఏ సాఫ్ట్‌వేర్

దీని గురించి వాదోపవాదాలు ఎక్కువ, తేడా తక్కువ. మీ సంస్థకు విద్యాసంస్థల కోసం ఇచ్చే గూగుల్ లేదా మైక్రోసాఫ్ట్ ఖాతా ఉంటే దానితోనే మొదలుపెట్టండి. వ్యక్తిగత ఉచిత ఖాతాలకు సమయ పరిమితి ఉంటుంది. బృంద సమావేశాలకు జూమ్ ఉచిత ఖాతాలో 40 నిమిషాలు, గూగుల్ మీట్ ఉచిత ఖాతాలో 60 నిమిషాలు. ఉపన్యాసం అయ్యాక ప్రశ్నలు మొదలయ్యే సరికి సమావేశం దానంతటదే మూసుకుపోతుంది. సంస్థ ఖాతా అడిగి తీసుకోవడానికి ఈ ఒక్క కారణం చాలు. కంపెనీలు ఈ నియమాలు మారుస్తుంటాయి కాబట్టి కార్యక్రమానికి ముందు మీ ఖాతా పరిమితిని ఒకసారి చూసుకోండి.

కంప్యూటర్ సైన్స్ విభాగంలో చురుకైన వారుంటే బిగ్‌బ్లూబటన్‌ను సొంత సర్వర్‌లో పెట్టుకునే ఆలోచన చేయవచ్చు. కెనడాలోని కార్లటన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఈ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను పాఠాల కోసమే తయారుచేశారు. తెల్ల బోర్డు, ప్రశ్నలకు ఓటింగ్, చిన్న బృందాలుగా విడిపోయే గదులు అందులోనే ఉన్నాయి. విద్యార్థులకు బ్రౌజర్ ఉంటే చాలు, ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. రికార్డింగులు మీ సర్వర్‌లోనే ఉంటాయి. అయితే సర్వర్‌ను నిత్యం చూసుకునే మనిషి లేకుండా దీని జోలికి వెళ్లవద్దు.

పాత సర్క్యులర్లలో స్కైప్ పేరు ఇంకా కనిపిస్తుంది. స్కైప్ 2025 మే 5న మూతపడింది. మీరు రాసే నియమావళిలో ఏ యాప్ పేరూ రాయకుండా 'సంస్థ ఆమోదించిన వేదిక' అని రాసుకుంటే ప్రతిసారీ సవరించే పని ఉండదు.

భద్రత సంగతి. 2020 ఏప్రిల్‌లో కేంద్ర హోంశాఖ జూమ్ వాడకంపై ఇచ్చిన సూచనలు ఏ సాఫ్ట్‌వేర్‌కైనా పనికివస్తాయి. ప్రతి సమావేశానికీ కొత్త పాస్‌వర్డు పెట్టాలి. వచ్చినవారిని నిరీక్షణ గది (వెయిటింగ్ రూమ్)లో ఉంచి, చూసి లోపలికి పంపాలి. స్క్రీన్ చూపించే అధికారం నిర్వాహకుడికే ఉండాలి. అందరూ వచ్చాక సమావేశాన్ని లాక్ చేయాలి. లింకును పెద్ద వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో పెట్టవద్దు. తరగతి గ్రూపులో మాత్రమే పంపండి. విద్యార్థులను సొంత పేరు, రోల్ నంబరుతో చేరమని చెప్పండి. 'రెడ్‌మీ', 'శాంసంగ్' అని ఫోను పేర్లు కనిపిస్తుంటే ఎవరు ఎవరో నిరీక్షణ గది చూసే విద్యార్థికి తెలియదు.

ఫోనులో వినే విద్యార్థి

సెకనుకు 1 మెగాబిట్ చొప్పున గంట వీడియో నడిస్తే దాదాపు 450 ఎంబీ ఖర్చవుతుంది. రోజుకు 1.5 జీబీ ప్యాకు ఉన్న విద్యార్థికి మూడు తరగతులతో ఆ రోజు డేటా దాదాపు అయిపోతుంది. ఆ ఫోనే ఇంట్లో అందరిదీ అయితే పరిస్థితి చెప్పనక్కర్లేదు. అదే మాట మాత్రమే వింటే, సెకనుకు 64 కిలోబిట్ల లెక్కన గంటకు సుమారు 29 ఎంబీ చాలు.

కాబట్టి ఫోనులో వినేవారి కోసం పాఠం చెప్పే తీరే మార్చుకోవాలి. స్లైడ్లు, కాగితాలు ముందురోజే పీడీఎఫ్‌గా పంపండి. పేజీ నంబర్లు వేయండి. "ఇక్కడ చూడండి, ఇది దానికంటే ఎక్కువ" అనకుండా "మూడో పేజీలో ఎడమ వైపు పటం చూడండి" అని నోటితో చెప్పండి. ఇలా చెబితే బొమ్మ ఆపేసి మాటే వింటున్నవారికి పాఠం అందుతుంది, చూపు లేని విద్యార్థికీ అందుతుంది. కెమెరా తెరిచి కూర్చోవాలని విద్యార్థులను బలవంతం చేయవద్దు. డేటా సంగతి ఒకటి. ఇంటి పరిస్థితి అందరికీ చూపించాల్సి రావడం, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఎంత ఇబ్బందో అధ్యాపకులు ఆలోచించాలి. హాజరు కోసం పేరు పిలవండి, చిన్న ప్రశ్న అడగండి.

రిహార్సల్, ఆ తరువాత అసలు రోజు

రిహార్సల్ లేకుండా ఏ కార్యక్రమమూ పెట్టవద్దు. ముందురోజు అదే గది, అదే వేళ, అవే పరికరాలు, అవతల అదే కళాశాల. అతిథి వక్తను కూడా పది నిమిషాలు రమ్మని అడగండి. ఎంత పెద్దవారైనా మర్యాదగా అడిగితే వస్తారు. "సార్, రేపు మీ మాట మా పిల్లలకు స్పష్టంగా వినపడాలి, ఒక్క పది నిమిషాలు సరిచూసుకుందాం" అంటే కాదనేవారు అరుదు. రిహార్సల్‌లో వక్త మాట్లాడుతుంటే మీ మనిషి ఒకరు అవతలి గదిలో చివరి వరుసలో కూర్చుని వినాలి. ముందు వరుసలో బాగా వినిపించినంత మాత్రాన సరిపోదు.

విదేశాల నుంచి మాట్లాడే వక్త అయితే సమయం రెండుసార్లు సరిచూడండి. మన సాయంత్రం 6.30 గంటలు న్యూయార్క్‌లో చలికాలంలో ఉదయం 8, వేసవిలో ఉదయం 9. లండన్‌లో చలికాలంలో మధ్యాహ్నం 1, వేసవిలో 2. అమెరికా తన గడియారాన్ని మార్చి నెల రెండో ఆదివారం, నవంబర్ నెల మొదటి ఆదివారం మారుస్తుంది. ఐరోపా మార్చి, అక్టోబర్ నెలల చివరి ఆదివారాల్లో మారుస్తుంది. ఆ వారాల్లో కార్యక్రమం పెడితే ఆహ్వానంలో రెండు దేశాల సమయాలూ రాయండి.

అసలు రోజున అరగంట ముందే రెండు గదులనూ కలిపి ఉంచండి. వాట్సాప్, ఈమెయిల్ సందేశాలు తెర మీద మెరవకుండా కంప్యూటర్‌లో ఆపేయండి. స్క్రీన్ పంచుకునేటప్పుడు మొత్తం స్క్రీన్ కాకుండా స్లైడ్లు ఉన్న విండో ఒక్కటే పంచుకోండి. సన్మానం, జ్యోతి ప్రజ్వలన, వేదిక మీది పెద్దల పరిచయాలు ఎంత క్లుప్తంగా ఉంటే అంత మంచిది. తెర అవతల వక్త తన వంతు కోసం అరగంట ఎదురుచూస్తూ కూర్చోవడం మర్యాద కాదు.

ప్రశ్నల సమయంలో "ఎవరికైనా సందేహాలున్నాయా?" అని గాలిలో అడిగితే జవాబు రాదు. "వనపర్తి నుంచి ఒక ప్రశ్న" అని చోటు పేరు పెట్టి పిలవండి. మాట అటు చేరి, అక్కడ మైకు తెరిచి, విద్యార్థి లేచి నిలబడటానికి కొన్ని క్షణాలు పడుతుంది. ఆ నిశ్శబ్దానికి కంగారుపడి మీరే మళ్లీ మాట్లాడకండి. మీరు మాట్లాడితే ఇద్దరి మాటలూ ఒకదానిపై ఒకటి పడతాయి. మైకు ముందు నోరు విప్పడానికి జంకే విద్యార్థుల కోసం చీటీలు ఇవ్వండి. స్థానిక అధ్యాపకుడు వాటిని చదివి వినిపిస్తారు. ప్రశ్న తెలుగులో అడిగి, జవాబు ఇంగ్లీషులో వస్తే, దాన్ని రెండు మాటల్లో తెలుగులో మళ్లీ చెప్పే బాధ్యత కూడా ఆయనదే.

నెట్ బలహీనపడితే మొదట అందరి కెమెరాలూ ఆపించండి. అప్పటికీ మాట తెగుతుంటే వక్త బొమ్మ కూడా ఆపండి. పూర్తిగా తెగిపోతే వక్తకు మామూలు ఫోను చేసి, ఆ ఫోనును హాలు మైకు దగ్గర పెట్టండి. స్లైడ్లు మీ దగ్గర ముందే ఉన్నాయి కాబట్టి "తరువాతి పేజీ" అని ఆయన అంటుంటే మీరు తిప్పుతూ పోవచ్చు. ఇది రిహార్సల్‌లో ఒకసారి చేసి చూసినవారికి అసలు రోజున చేతులు వణకవు.

పీహెచ్‌డీ వైవా పెట్టేటప్పుడు

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2020 ఏప్రిల్ మార్గదర్శకాల్లో ఆన్‌లైన్ వైవాకు, అంటే మౌఖిక పరీక్షకు, వీలు కల్పించింది. 2022 పీహెచ్‌డీ నిబంధనల్లోనూ దానికి చోటుంది. అయినా మీ విశ్వవిద్యాలయం అనుమతి ఉత్తర్వు చేతిలో ఉన్నాకే తేదీ ప్రకటించండి. అభ్యర్థి ఇంటి నుంచి కాకుండా శాఖలోని గది నుంచి, పర్యవేక్షకుడి సమక్షంలో మాట్లాడటమే మంచిది. నెట్ పోయినా, కరెంటు పోయినా దాని భారం అభ్యర్థి మీద పడకూడదు. పరీక్షకుడి నివేదిక, సంతకం ఏ రూపంలో, ఎవరి ఈమెయిల్‌కు రావాలో పరీక్షల విభాగంతో ముందే తేల్చుకోండి. మధ్యలో ఎన్ని నిమిషాలు అంతరాయం కలిగిందో సమావేశ నివేదిక (మినిట్స్)లో రాయండి. రేపు ఎవరైనా అభ్యంతరం చెబితే ఆ వాక్యమే ఆధారం.

రికార్డింగు, మరునాడు

రికార్డు చేసే ముందు వక్త అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, విద్యార్థులకు ముందే చెప్పండి. వారి ముఖాలు, పేర్లు, ప్రశ్నలు అందులో ఉంటాయి కాబట్టి యూట్యూబ్‌లో పెట్టే ముందు ప్రశ్నల భాగం తీసేయడం మంచిది. వీడియోతో పాటు మాట మాత్రమే ఉన్న ఆడియో ఫైలు కూడా తయారుచేసి పంపండి. కరెంటు లేకో, కూలి పనికి వెళ్లో, బస్సు దొరకకో రాలేకపోయినవారు వినేది ఎక్కువగా ఆ ఫైలే. ఫైలు పేరులో తేదీ, విషయం, వక్త పేరు తెలుగులో రాయండి.

మరునాడు అవతలి కళాశాలకు ఫోను చేయండి. చివరి వరుసకు మాట వినిపించిందా, ఎన్ని నిమిషాలు తెగింది, అడగాలనుకుని అడగలేకపోయిన ప్రశ్నలేవి? ఆ ప్రశ్నలను వక్తకు పంపి, జవాబులు తెప్పించి తరగతి గ్రూపులో పెట్టండి. కళాశాల వారు చెప్పిన మూడు జవాబులూ రిజిస్టరులో రాసి, వాటిలోని లోపాలు సరిచేశాకే రెండో కళాశాలను కలపండి.